లంద వాసన

మా ఊళ్ళో మాదిగవాడ ఎక్కడని ఎవరూ అడగరు. వాసన పట్టుకుని పోతే వచ్చేస్తుంది. నెల్లూరు జిల్లా మెట్టలో ఊరు. ఇంటెనక మా నాయన లంద. సున్నంలో నానేసిన తోలుకి వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క, కరక్కాయలు నానేసిన నీళ్ళలో వేసేవాడు. రోజులు, వారాలు. మధ్యలో ఆ నీళ్ళు వేలితో తీసి నాలిక మీద పెట్టుకునేవాడు. "వగరు తగ్గింది. తోలు తాగేసింది. కొత్త చెక్క వెయ్యాల" అనేవాడు. "తొందరపడితే తోలు కుళ్ళిపోద్దిరా" అనేవాడు.

ఆ తోలుతో రైతుల కపిలకి తొండం కుట్టాడు. దాంతో వాళ్ళ మళ్ళు తడిశాయి. చెప్పులు కుట్టాడు. ఆ చెప్పులేసుకుని వచ్చే వాళ్ళు మా వాడ మొదట్లోనే ముక్కుకి పైగుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్ళు. బళ్ళో అయ్యవారు నన్ను గది బయట వసారాలో కూర్చోబెట్టాడు. "నీకాడ లంద కంపురా" అన్నాడు. నేను ఏట్లో ఇసకతో ఒళ్ళు రుద్దుకున్నా. తోలు ఊడేదాకా రుద్దుకున్నా.

ఆ వాసన కోసం మనుషులు ఇరవై ఏళ్ళు కాచుకుంటారనీ, డబ్బులు కుమ్మరిస్తారనీ నాకు ఫ్రాన్సులో తెలిసింది.

1998లో పరిశోధనకని గ్రెనోబుల్ పోయాను. మరుసటేడు సెప్టెంబరులో, చేతిలో డబ్బుల్లేక, రోన్ నది గట్టున కోర్నాస్ అనే ఊరికి ద్రాక్ష కోతకి పోయాను. రాతి కొండ మీద మెట్లుమెట్లుగా తోట. ఏటవాలు ఎంతంటే యంత్రం ఎక్కదు, మనిషే ఎక్కాలి. అక్కడ వేసేది ఒక్కటే రకం, సిరా. సిరా అంటే మనకి ఇంకు. ఆ పండు రసమూ అట్లాగే వేళ్ళకి అంటుకుని పోదు.

మధ్యాన్నం అన్నాలకి తోట యజమాని, కూలోళ్ళం అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. ఒకే సీసా చేతులు మారింది. నాకు ముద్ద దిగలేదు. మా ఊరి కల్లుదొడ్లో నాయన దూరంగా గొంతుక్కూచుని తాటాకు దొప్ప పట్టేవాడు. పైనుంచి పోసేవాళ్ళు, తగలకుండా. ఫ్రాన్సులో అందరూ సమానమని చెప్పట్లేదు. అరబ్బు కూలోళ్ళని ఎట్లా చూస్తారో కూడా చూశాను. కానీ ఆ బల్ల దగ్గర నా గ్లాసు వేరే పెట్టలేదు.

ఆ ఏటి వైను పీపాల్లో ఉండి, 2001లో సీసాలకెక్కింది. ఆరు కొన్నాను. "పదేళ్ళ లోపు మూత తియ్యొద్దు" అన్నాడు యజమాని. అక్కడ పాత కట్టడాల్లో ఒక్కో వాటాకి నేల కింద ఒక చీకటి కొట్టు ఉంటుంది. ఎండాకాలం, చలికాలం పన్నెండు పదమూడు డిగ్రీలు దాటని చల్లదనం, కాస్త చెమ్మ. బెరడు మూత ఎండిపోకుండా సీసాలు పడుకోబెట్టాను. మా వంశంలో దాచుకోడానికి ఒక గది, దాచుకునేందుకు ఒక వస్తువు ఉండటం అదే మొదలు. మాకు గింజలే మర్నాటికి మిగిలేవి కావు.

2003లో ఊరికి పోయినప్పుడు అమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. నాయన సారా తాగి తాగి 1988లో పోయాడు. 1992లో దూబగుంట ఆడోళ్ళు లేచినప్పుడు మా అమ్మ కూడా చీపురు పట్టుకుని మా ఊరి సారాకొట్టు ముందు నిలబడింది. 1993లో సారా బందయ్యేదాకా నిలబడింది. సారా ముట్టనని నాచేత ఒట్టు వేయించుకుంది.

"ఏందబ్బయా అది, సారానా?"

"సారా కాదమ్మా, సిరా."

"పేరు మారిస్తే మంచిదవుద్దా?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపయ్యాక తనే అడిగింది: "కొని ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు. ఇంకా ఎనిమిదేళ్ళు ఆగాలంట."

అమ్మ నవ్వింది. "మీ నాయన ఎనిమిది నిమిషాలు ఆగుంటే బతికేవోడు." ఆ నవ్వు ఇప్పటికీ నా గొంతులో ముల్లు. ఒట్టు తప్పానా లేదా అని ఈ పుస్తకం చదివే మీరు అడిగితే, తప్పాననే చెప్తాను.

2006లో ఆగలేక ఒకటి తీశాను. నోరంతా పిడచకట్టింది. అచ్చం కరక్కాయ కొరికినట్టు. పక్క వాటా ముసలాయన నవ్వి "టానిన్" అన్నాడు. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉండే వగరు. తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉండేది కూడా టానిన్లే. ఆ మాట పుట్టిందే తోలు ఊనే పనిలోంచి. తోలుని కుళ్ళకుండా కాపాడేది ఆ వగరే. వైనుని ఇరవై ఏళ్ళు నిలబెట్టేదాంట్లో కూడా దాని పాలుంది. నేను పీహెచ్‌డీ చేసి తెలుసుకున్నది మా నాయన నాలికకి ముందే తెలుసు.

2011లో అమ్మ పోయింది. 2013లో రెండో సీసా. బెరడు చెడి, తడిసిన పాత అట్టల కంపు. పారబోశాను. అదే రాత్రి మూడోది తీశాం. రంగు నలుపు విరిగి, అంచున ఇటుక రంగు తేలింది. ముసలాయన గ్లాసు తిప్పి, వాసన చూసి, కళ్ళు మూసుకుని ఒకే మాటన్నాడు: "క్యూర్." అంటే తోలు. నేను వాసన చూశాను. మా ఇంటెనక లంద. వాన తడిసిన తంగేడు చెక్క, కొత్త చెప్పు, నాయన చేతులు. ముసలాయనకి అది మెచ్చుకోలు. నేను లేచి వంటగదిలోకి పోయి ఏడ్చాను.

నాలుగోది 2019లో, మా తెలుగు కుటుంబాలు నాలుగు కలిసిన రోజున తీశాను. వైను మీద పుస్తకాలు చదివిన మిత్రుడొకాయన పీల్చి "అబ్బ, తోలు వాసన! పాత సిరా అంటే ఇదీ" అన్నాడు. ఈ ద్రాక్షకి పర్షియాలోని షిరాజ్ నగరం పుట్టిల్లనీ, ఎవరో క్రైస్తవ యోధుడు తెచ్చాడనీ పురాణం మొదలుపెట్టాడు. అది కట్టుకథని చెప్పాను. 1990ల చివర డీఎన్ఏ పరీక్షల్లో దీని తల్లిదండ్రులు తేలారు. దురేజా, మోండూజ్ బ్లాంష్. ఆ చుట్టుపక్కల కొండల్లో ఎవరూ పట్టించుకోని రెండు రకాలు. గొప్పదనం కనిపిస్తే దానికొక గొప్ప పుట్టుక అతికించాల్సిందేనా?

"మా నాయన లంద కాడ ఇదే వాసన అన్నా. మేం మాదిగోళ్ళం" అన్నాను.

పెదాల దాకా వెళ్ళిన గ్లాసు ఆగింది. మెల్లిగా బల్ల మీదికి దిగింది. వాసన మారలేదు. వైను మారలేదు. ఆయన మళ్ళీ మా ఇంటికి రాలేదు.

ఐదోది 2024లో, కోతకి పాతికేళ్ళయిన రోజున తీశాను. ఒక రోజు ముందే నిలబెట్టాను, మడ్డి అడుక్కి దిగాలని. వెలుతురు కింద పట్టి, మడ్డి కదలకముందే ఆపుతూ జాడీలోకి వంచాను. వగరంతా మెత్తబడి అడుక్కి చేరింది. మా అమ్మాయి గ్లాసు పట్టుకుని వాసన చూసింది. తనకిప్పుడు ఇరవై.

"బాగుంది నాన్నా. ఏంటిది?"

"మీ తాత" అన్నాను.

లంద సంగతి, వసారా సంగతి, ఏట్లో ఇసక సంగతి, చీపురు పట్టిన నాయనమ్మ సంగతి ఆ రాత్రి మొత్తం చెప్పాను. అప్పటిదాకా అవి కూడా దాచిపెట్టే ఉంచాను, సిగ్గుతో. ఆరో సీసా కొట్టులోనే ఉంది. అది తనది. తాగుతుందో, పారబోస్తుందో తన ఇష్టం. ఆ వాసనకి మాత్రం ముక్కు మూసుకోదు.