అనంత దారిలో అద్దం కథ

అనంతపురం నుంచి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే దారి పొడవునా ఎర్రనేల, బోడిగుట్టలే. వాన పడిన ఏడు చెనక్కాయ పైరు పచ్చగా పరుచుకుంటుంది. పడని ఏడు దుమ్మే లేస్తుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పుతీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడతాయి. అందుకే ఇక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ మాత్రమే వాన. ఆ కరవు సంగతి రైతుకు తెలుసు. కారు అద్దానికీ తెలుసంటే నమ్ముతారా?

తాడుతో కూర్చునే అద్దం

ఒకప్పుడు ఈ రోడ్డు మీద అంబాసిడర్లు, ఫియట్లదే రాజ్యం. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఉన్నవాటిని తాతగారి గుర్తుగా దాచుకునేవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండ్లకు ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ ఇచ్చేలా 2021లో కేంద్రం నిబంధనలు కూడా తెచ్చింది. అయితే ఇలాంటి కారుకు మళ్ళీ రంగు వేయాలంటే ముందు అద్దం ఊడదీయాలి. ఎందుకంటే తుప్పు దాక్కునేది అద్దం అంచుకిందే.

ఆ పాత కార్ల అద్దం రబ్బరు చట్రంలో ఇమిడి ఉంటుంది. బీడింగ్ లాగేసి, లోపలినుంచి రబ్బరు పెదవిని మొద్దు పనిముట్టుతో మెల్లగా పైకి తప్పించి, ఒక మూల నుంచి అరచేతులతో నెడితే అద్దం బయటికొస్తుంది. బయట ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలంతే! తిరిగి బిగించేటప్పుడు రబ్బరు గాడిలో తాడు చుట్టి, సబ్బునీళ్ళు పూసి, లోపలినుంచి తాడు లాగుతూపోతే అద్దం చక్కగా కూర్చుంటుంది.

తీగతో కోసే అద్దం

1990ల తర్వాత రోడ్డెక్కిన కార్లలో చాలావాటికి ఈ సౌకర్యం లేదు. వాటి ముందు అద్దాన్ని యురేథేన్ అనే జిగురుతో బాడీకే అంటించేస్తారు. నెడితే రాదు, గట్టిగా నెడితే పగులుతుంది. పాత మోడల్ అయితే అలాంటి అద్దం మళ్ళీ దొరకడం గగనం. అందుకే ఇది తొందరపడే పని కాదు.

ముందు వైపర్లు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీలు తీసేస్తారు. రంగుకి, డ్యాష్‌బోర్డుకి గీతలు పడకుండా టేపు వేస్తారు. పొడవాటి సూదిలాంటి పనిముట్టుతో జిగురుకి చిల్లుపెట్టి, అందులోంచి సన్నని ఉక్కు తీగ దూరుస్తారు. తీగ రెండు కొసలకీ పిడులు. ఒకరు కారు లోపల, ఒకరు బయట. రంపం లాగినట్టు ఇటూ అటూ లాగుతూ చుట్టూ కోసుకొస్తారు. వేగం పెంచితే తీగ వేడెక్కి తెగుతుంది. అందుకే చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

పక్క అద్దాలూ అంటించినవైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది కాబట్టి పగిలినా అతుక్కునే ఉంటుంది. పక్క అద్దాలు మామూలుగా ఒకే పలక. అంచుకి చిన్న దెబ్బ తగిలినా పేలాల్లా రాలిపోతాయి.

అద్దం వచ్చాక పాత జిగురుని పూర్తిగా గీకేయరు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర ఉంచితే కొత్త జిగురు దాన్నే గట్టిగా పట్టుకుంటుంది. ఇనుము బయటపడిన చోట ప్రైమర్ పూయకపోతే మళ్ళీ తుప్పే.

తేమ కోసం ఎదురుచూపు

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. తేమ తక్కువైతే ఆలస్యం. కోస్తాలో ఉక్కపోత గాలికి గట్టిపడినంత త్వరగా అనంతపురం పొడిగాలికి గట్టిపడదు. మేఘం కోసం రైతు చూసినట్టే, ఆ మేఘం తెచ్చే తడికోసం జిగురూ చూస్తుందన్నమాట!

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నేటి కార్లలో ముందు అద్దం బాడీకి బలమిచ్చే భాగం. చాలా కార్లలో ప్రమాద సమయంలో ముందుసీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేది ఆ అద్దాన్ని ఆనుకునే. జిగురు ఆరకుండా కుటుంబమంతా ఎక్కి బయల్దేరితే ఆ ఆసరా ఉండదు. జిగురు డబ్బా మీద రాసిన సమయం ఎంతో అడగండి. పొడి రోజుల్లో ఇంకాస్త ఆగండి. తలుపులు ధడాలున వేయకండి. ఒక కిటికీ కొద్దిగా దించి ఉంచితే లోపలి గాలి అద్దాన్ని నెట్టదు.

పెనుకొండ దాకా...

ఇదే రోడ్డులో సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే పెనుకొండ. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు. కొండకింద గగన్‌మహల్ ఇప్పటికీ నిలిచి ఉంది. 2022 నుంచి ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఊరికి దగ్గర్లోనే ఎర్రమంచి వద్ద 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైంది. నేటి కార్లన్నిటిలాగే అక్కడ తయారయ్యే వాటికీ అంటించిన అద్దాలే. హంద్రీ-నీవా మీదుగా గొల్లపల్లి జలాశయానికి చేరే కృష్ణా నీళ్ళే ఆ ఫ్యాక్టరీకి ఆధారం. ఈ నేల మీద పంటైనా, కారైనా ముందు అడిగేది నీటినే.

ధర్మవరం - హిందూపురం రైలు మార్గంలో పెనుకొండకు స్టేషన్ ఉంది. నవంబరు నుంచి జనవరి వరకూ కొండెక్కడానికి హాయిగా ఉంటుంది. కొత్త అద్దం వేయించిన కారులో వెళ్ళాలనుకుంటే మాత్రం... ఓ రోజు ఆగి బయల్దేరండి. కోట ఎక్కడికీ పోదు!