గానుగ కానుకైన ఊరు

ఒంగోలులో సాయంత్రం శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు టిఫిన్ వేళకి కోయంబత్తూరులో దిగాను. గాంధీపురం బస్టాండులో సత్యమంగళం బస్సు పట్టుకున్నాను. శరవణంపట్టి దాకా ఐటీ కంపెనీల అద్దాల మేడలే. కోవిల్పాళయం దాటాక గాలి మారింది. అవినాశి, మేట్టుపాళయం దారి అడ్డంగా కలిసే కూడలి రాగానే కండక్టరు "అన్నూర్, అన్నూర్" అని అరిచాడు.

రమ్మన్నది నా పాత హాస్టల్ స్నేహితురాలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. విజయనగర కాలంలోనూ మదురై నాయకుల ఏలుబడిలోనూ దక్షిణానికి దిగిన కుటుంబాల్లో వాళ్ళదీ ఒకటి. ఎన్ని తరాలైందని అడిగితే వాళ్ళ అవ్వ "వచ్చినోళ్ళు తేదీ రాసుకున్యారా ఏమి?" అంది.

"నువ్వు ప్రకటనలు రాసేదానివి కదే," అని ఫోనులో అడిగింది స్నేహితురాలు. "మాకు మరచెక్కు ఉంది. ఏఐని అడిగితే పేజీలు పేజీలు రాసిస్తా ఉంది. ఒక్కరూ కదల్లేదు. వచ్చి చూడు."

మరచెక్కు అంటే మరతో ఆడించేదనుకున్నాను. మన పిండిమర లాగా. తమిళంలో 'మర' అంటే చెక్క, 'చెక్కు' అంటే గానుగ. నేను అనుకున్నదానికి సరిగ్గా ఎదురు.

నా సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదులో పదిహేనేళ్ళు ప్రకటనలు రాసి బతికాను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. తర్వాత రెండేళ్ళలో మా గదిలో ఆరు కుర్చీలు రెండయ్యాయి. మిగిలిన రెంటిలో నాది లేదు. కాబట్టి దాన్ని మెచ్చుకోవాలని నేనేమీ బయల్దేరలేదు.

షెడ్డులో రెండు గానుగలు. దిరిసెన దుంగను తొలిచిన రోలు, దాంట్లో చెక్క రోకలి. ఎద్దు తిరగాల్సిన చోట మోటారు. నువ్వులు నలిగి ముద్ద కడుతున్నప్పుడు స్నేహితురాలు తాటిబెల్లం ముక్కలు విరిచి వేసింది. అది పడితేనే పిండి ఒకవైపు, నూనె ఒకవైపు అవుతాయట. కాసేపటికి రోలు అంచున తేనెరంగు నూనె ఊరింది. వేలితో అద్ది నా చేతికి రాసింది. గోరువెచ్చగా ఉంది. దాన్ని రెండు రోజులు ఎండలో పెడతారు. మడ్డి అడుక్కి దిగాక సీసాల్లోకి వంచుతారు. తెలకపిండి గేదెలకు.

ఇంత కళ్ళముందు పెట్టుకుని ఫోనులో ఏఐ రాసిపెట్టినదేమిటంటే, ఆమె తమిళంలో చదివి తెలుగులో చెప్పింది: గుండెజబ్బు దరి చేరదు, కొలెస్ట్రాల్ కరుగుతుంది, కీళ్ళనొప్పులు మాయం, ప్రకృతి మీ ముంగిట్లో. ఏ కంపెనీ పేరు తగిలించినా అతికిపోయే మాటలు. అతకడం ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. తినే సరుకు జబ్బు నయం చేస్తుందని చెప్పకూడదని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు అంటాయి. సీసా మీద పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు వేసుకున్నవాళ్ళు అలా రాస్తే జవాబు చెప్పుకోవాలి. నేనూ ఇలాంటివి రాసినదాన్నే. మా ఆఫీసులో లాయరు ఎర్రసిరాతో కొట్టేసేవాడు. ఈ షెడ్డులో లాయరు లేడు, ఫోనుకు సిగ్గు లేదు.

చుట్టాల వాట్సాప్ గ్రూపుది ఇంకో కథ. ఆ గ్రూపులో అందరూ తెలుగే మాట్లాడుకుంటారు, తమిళ అక్షరాల్లో. తెలుగు చదవడం ఎవరికీ రాదు. దీపావళికి తలంటు నూనె సంగతి అందులో పెట్టాలని, తన తల్లి ఎప్పుడో అన్న 'గానుగ' మాటను అవ్వ గుర్తు చేసుకుని చెప్పింది. స్నేహితురాలు తమిళ అక్షరాల్లో కొట్టింది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ఏది ఎక్కడ పలకాలో నోటికి తెలుసు, యంత్రానికి నోరు లేదు. అది 'కానుక' అని చదువుకుంది. వచ్చిన ప్రకటన: మా చెక్క కానుకతో మీ దీపావళిని వెలిగించండి! చుట్టాల్లో ఒకాయన, బొమ్మలు కూడా మొదలుపెట్టారా అని అడిగాడట.

నేనున్నప్పుడే ఇంకోటి జరిగింది. నువ్వుల నూనెను వాళ్ళింట్లో మంచినూనె అంటారు. తమిళంలో నల్లెణ్ణెయ్ అన్నా అదే అర్థం. పాత తెలుగు నిఘంటువుల్లోనూ మంచినూనె అంటే నువ్వుల నూనే. అవ్వ "మంచినూనె వచ్చిందని సెప్పు" అంది. ఫోను దాన్ని 'అత్యుత్తమ నాణ్యత గల వంటనూనె' చేసింది. తెలుగు అక్షరాల్లో కూడా రాసిచ్చింది. నేను పైకి చదివాను. అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "ఎవురమ్మా వాడు, వార్తలు సదివేవాడా?" అంది.

తప్పంతా దానిదేనా అంటే, కాదు. స్నేహితురాలు దాన్ని అడిగింది "గానుగ నూనెకు మంచి ప్రకటన రాయి" అని. అంతే. దానికి ఈ షెడ్డు తెలియదు, తాటిబెల్లం తెలియదు, ఏ రోజు ఆడించారో తెలియదు. ఆఫీసులో నాకు పని ఇచ్చేవాళ్ళు కూడా అచ్చం ఇలాగే ఇచ్చేవారు.

ఆ రాత్రి మేమిద్దరం అరుగు మీద కూర్చుని దానికి నిజాలు మాత్రం చెప్పాం. గురువారం ఆడించాం. దిరిసెన రోలు. తాటిబెల్లం తప్ప ఏమీ కలపలేదు. ఎండలో రెండు రోజులు. అడుగున కొంచెం మడ్డి కనపడచ్చు, భయపడొద్దు. జబ్బుల మాట ఎత్తొద్దు, ఆశ్చర్యార్థకం పెట్టొద్దు, నాలుగు వాక్యాలు దాటొద్దు. తమిళంలో చక్కగా ఇచ్చింది, స్నేహితురాలు ఒక్క మాటే మార్చింది. మూడు సైజుల ధరల పట్టీ, సీసా మీది చీటీ క్షణాల్లో తయారయ్యాయి. ఆ పనికి మా ఆఫీసులో ఒక పూట పట్టేది. ఒప్పుకోక తప్పదు.

చుట్టాల గ్రూపుకు మాత్రం యంత్రం వద్దన్నాం. అవ్వ చెప్తూ పోయింది, మనవరాలు తమిళ అక్షరాల్లో కొడుతూ పోయింది. ఆడవాళ్ళకు శుక్రవారం, మగవాళ్ళకు శనివారం తలంటు కాబట్టి ఆలోపే చేరుస్తామని ఒక ముక్క. అయిపోయిందనుకుని పంపబోతుంటే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది.

"పోయినసారి సీసాలు కడిగి తిరిగి ఇయ్యమని రాయి."

అదీ చేర్చి పంపాం. ఐదు నిమిషాలకు మొదటి జవాబు వచ్చింది. రెండు లీటర్లు కావాలి, సీసా అత్త ఇంట్లో ఉండిపోయింది, పర్వాలేదా అని.