ఏరు అంటే నీళ్ళు

మాతృభాష గురించి మనం రాసుకున్నంతగా రెండో భాష గురించి రాసుకోలేదు. అమ్మ ఒడి, ఉగ్గుపాలు, తేనె, వెన్నెల... తెలుగు ప్రస్తావన రాగానే మన కలాల నుంచి జాలువారే ఉపమానాలివి. అవి అబద్ధాలని అనను. కాని పాడేరు నుంచి అరకు వెళ్ళే దారిలో హుకుంపేట చేరేసరికి వాటిని కాసేపు పక్కన పెట్టాల్సి వస్తుంది. అక్కడి కొండ పల్లెల్లో బడికొచ్చే పిల్లలు చాలామందికి తెలుగు అమ్మ ఒడిలో దొరికిన భాష కాదు. బడి గడప దగ్గర ఎదురయ్యే భాష. మనకు ఇంగ్లీషు ఎలాంటిదో వాళ్ళకు తెలుగు అలాంటిది.

2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఈ కొండల్లో భగతలు తమదైన యాసలో తెలుగే మాట్లాడతారు. కోటియాలు, వాల్మీకులు ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. కోందులది కువి. కొండదొరలలో కొందరి ఇళ్ళలో నేటికీ కొండ భాష ఉంది. దానికే కూబి అని మరో పేరు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆ భాషకు రాసిన వ్యాకరణం 1969లో వెలువడింది. వీటిలో కువి, కొండ భాషలు తెలుగుకు దగ్గర చుట్టాలు, మూడూ ద్రావిడ భాషలే. ఆదివాసీ ఒడియా మాత్రం ఇండో-ఆర్య కుటుంబానికి చెందింది. ఇన్ని భాషల పిల్లలూ ఒకే గదిలో, ఒకే వాచకం ముందు కూర్చుంటారు.

మా మిత్రుడొకాయన ఆ ప్రాంతంలో కొన్నేళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆయన దగ్గర అట్ట చిరిగిన నోటు పుస్తకం ఒకటి ఉండేది. ప్రతి పుటలోనూ నాలుగు గడులు: తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి, కొండ. మొదటి గడి ఆయన నింపేవారు. మిగిలిన మూడూ పిల్లలు చెబుతుంటే రాసుకునేవారు. నేను చూసిన మొదటి పుటలో మొదటి మాట “నీళ్ళు”. ఎదురుగా ఒడియా గడిలో “పాని”, కువి గడిలో “ఏయు”, కొండ గడిలో “ఏరు”.

ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తెలుగులో ఏరు అంటే ప్రవాహం. కొండ భాషలో అదే మాటకు నీళ్ళని అర్థం. రెండూ ఒకే మూలద్రావిడ ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువులు. గోండీలోనూ నీళ్ళకు దీని రూపమే ఉంది. భాషాశాస్త్రజ్ఞునికి ఇదొక ముచ్చటైన ఉదాహరణ. తరగతి గదిలో మాత్రం ఇదొక చిక్కుముడి. “ఏరు ఎక్కడుంది?” అని అయ్యవారు అడిగితే, కొండ భాష మాట్లాడే పిల్ల మూలనున్న కుండ వైపు వేలు చూపిస్తుంది. ఆమె చెప్పింది ఆమె భాషలో అక్షరాలా నిజం. ఆ సంగతి తెలియని ఉపాధ్యాయుడికి అది మొద్దుతనంగా కనిపిస్తుంది. పైగా ఉత్తరాంధ్ర తెలుగువాళ్ళు కూడా వాగును గెడ్డ అనే అంటారు. అంటే వాచకంలోని “ఏరు” అక్కడి తెలుగు పిల్లవాడికి సైతం పుస్తకాల మాటే.

మరో ఉదాహరణ చూడండి. “అక్క వచ్చాడు” అని ఒక పిల్లవాడు రాస్తాడు. మనకు నవ్వొస్తుంది. కాని ఒడియాలో క్రియకు లింగభేదం లేదు. అన్న వచ్చినా, అక్క వచ్చినా, ఆవు వచ్చినా క్రియ ఒకటే. కువి, కొండ భాషల్లో తెలుగులో లాగే పురుషుడికి ఒక రూపం, స్త్రీకీ జంతువుకీ మరో రూపం ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలకు ఈ భేదం ఎవరూ నేర్పనక్కరలేదు. “మనం”, “మేము” సంగతీ అంతే. ఎదుటివాణ్ణి కలుపుకునే మాట ఒకటి, కలుపుకోని మాట మరొకటి. ద్రావిడ భాషల్లో ఈ తేడా ఉంది, ఒడియాలో లేదు. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి మంచినీళ్ళప్రాయమైనది మరొకరికి కొండెక్కినంత పని. ఎర్రసిరాతో ఇద్దరికీ ఒకే సున్న చుట్టే చేతికి ఈ తేడా కనబడదు.

అందుకే రెండో భాష బోధించేవాడి మొదటి పని చెప్పడం కాదు, వినడం అని నా నమ్మకం. పిల్లవాడి తప్పు వెనక మరొక భాష వ్యాకరణం నిలబడి ఉంటుంది. దాన్ని గుర్తుపట్టగలిగితే దిద్దడం తేలిక. గుర్తుపట్టలేకపోతే దిద్దుబాటు అవమానంగా మారుతుంది. అవమానపడ్డ పిల్లవాడు నోరు మూసుకుంటాడు, ఆ పైన బడి మానేస్తాడు.

ఇక్కడ ఒక భ్రమ గురించి చెప్పాలి. హుకుంపేట సంతకు వెళ్ళినవారెవరైనా “ఈ పిల్లలకు తెలుగు వచ్చు కదా!” అంటారు. నిజమే. చింతపండుకీ, కొండచీపుర్లకీ, అల్లానికీ బేరం ఆడేటప్పుడు పదేళ్ళ పిల్ల సైతం తడుముకోకుండా తెలుగులో సమాధానం చెబుతుంది. కాని సంతలో ధర చెప్పే తెలుగు వేరు, “కింది పేరాను చదివి కారణాలు వివరించండి” అనే తెలుగు వేరు. కెనడాలో వలస కుటుంబాల పిల్లల భాషను పరిశీలించిన జిమ్ కమిన్స్ 1979లో ఈ తేడాకు ఒక సిద్ధాంత రూపమిచ్చారు. మాటామంతీ భాష సుమారు రెండేళ్ళలో పట్టుబడుతుందట. చదువుకు పనికొచ్చే భాషకు అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందట. మొదటి దాన్ని చూసి రెండోది కూడా ఉందనుకోవడమే అసలు ప్రమాదం. ఆ పిల్ల పరీక్ష తప్పితే నేరం తెలుగుది కాదు, తెలివిదే అని తీర్మానించేస్తాం.

ఈ విషయంలో మన తెలుగువాళ్ళకు పరాయి గురువులు అక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, చుట్టుపక్కల కొండల్లోని సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు, ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, బళ్ళు పెట్టించారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆ వేదికల మీద వ్యావహారిక భాషోద్యమం వినిపించినంతగా సవర వాచకాలు వినిపించవు. నిజానికి ఈ రెండింటి మూలమూ ఒకటే: బడిలోని భాష పిల్లవాడి నోట్లోని భాషకు దూరంగా ఉండకూడదన్న పట్టుదల. ఆ ఉద్యమానికి ప్రేరణలో పాలుపంచుకున్న జె.ఎ. యేట్స్ దొర కూడా పాఠశాలల తనిఖీ అధికారే. తెలుగు నేర్చుకోబోయి, జనం మాట్లాడేదొకటి, పుస్తకంలో ఉన్నదొకటి ఎందుకని నిలదీశాడు. రెండో భాష నేర్చుకునేవాడికే ఆ ప్రశ్న తట్టింది!

1956లో రాజ్యాంగానికి చేర్చిన 350-ఎ అధికరణం, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాష్ట్రాలను కోరుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది భాషలతో బహుభాషా విద్య మొదలైంది. ఆ ఎనిమిదింటిలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా ఉన్నాయి. వాచకాలను తెలుగు లిపిలోనే తయారుచేశారు. ఇది మంచి ఆలోచన. పిల్లవాడు తన మాటల మీద లిపి నేర్చుకుంటాడు, ఆ లిపితోనే తర్వాత తెలుగులోకి నడుస్తాడు. కాని ఎంత మంచి వాచకమైనా దాన్ని చదివి వినిపించే నోరు కావాలి కదా.

ఆ నోరు ఎవరిది? షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న దాన్ని కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో నిలిపి ఉంచింది. రిజర్వేషన్ల న్యాయాన్యాయాలు చర్చించే అర్హత నాకు లేదు. తరగతి గది వైపు నుంచి ఒక్క మాట మాత్రం చెప్పగలను. కొండల నుంచి వచ్చిన అయ్యవారికి పిల్లల భాష తెలిసే అవకాశం మైదానం నుంచి వచ్చినాయన కంటే చాలా ఎక్కువ. అయినా ధ్రువపత్రం తెగను చెబుతుంది కాని భాషను చెప్పదు. ఇంట్లో తెలుగు మాట్లాడే భగత యువకుడికి కువి పల్లె కొత్తగానే ఉంటుంది. కొండవాడైనా, మైదానంవాడైనా, ఆ నోటు పుస్తకం తెరవక తప్పదు. నియామకమయ్యాక ఆరు నెలలైనా పిల్లల భాష నేర్పించి పంపే ఏర్పాటును మన శిక్షణ కళాశాలలు ఎందుకు తలకెత్తుకోవో నాకు అర్థం కాదు.

మిత్రుడు చెప్పిన ఒక విశేషం. ఆయన కువి మాటలు పలకబోయి తడబడితే తరగతి మొత్తం పకపకా నవ్వేదట. వెనక వరసలో నెలల తరబడి మాట్లాడని ఒక పిల్ల లేచి, “అలా కాదు సార్” అని సరిదిద్దిందట. ఆమె తరగతిలో పలికిన మొదటి తెలుగు వాక్యం అదే. ఉపాధ్యాయుడు తమ ముందు విద్యార్థిగా నిలబడితే, తప్పు పలకడం నేరం కాదని పిల్లలకు ఉపన్యాసం లేకుండానే తెలిసిపోయింది.

మిత్రులారా, తెలుగు బతకాలని మనమంతా కోరుకుంటున్నాం. ఇంగ్లీషు మన పిల్లల నోట తెలుగును తుడిచేస్తోందని బాధపడుతున్నాం. సరిగ్గా అదే బాధ కువికీ, కొండ భాషకూ తెలుగు వల్ల ఉండవచ్చునన్న ఆలోచన మనలో ఎందరికి వచ్చింది? 2020–21లో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు వచ్చినప్పుడు తెలుగు నిలిచిందని కొందరం సంతోషించాం. హుకుంపేట కొండల్లోని పిల్లవాడు ఆ పుస్తకం తెరిస్తే రెండు పుటలూ పరాయివే. మూడో పుట ఉండాల్సింది అయ్యవారి నోట్లో.