జత తప్పిన అచ్చు

మా నాన్న చిన్నతనంలో గుడివాడ స్టేషనుకు మీటర్‌గేజ్ రైలు వచ్చేది. బెజవాడ నుంచి బందరుకు ఆ లైను 1908లో పడింది. 1928లో భీమవరం వైపు ఇంకో పాయ చీలాక గుడివాడ జంక్షను అయింది. బడి లేని రోజున ఇంజను నీళ్ళు పట్టుకుంటుంటే కట్ట మీద నిలబడి చూడటం మా నాన్నకు పెద్ద పండుగ. ఆ తరవాత లైను బ్రాడ్‌గేజ్ అయింది, బళ్ళు మారాయి, ఆయన జుట్టు తెల్లబడింది. ఇప్పటికీ రైలు అంటే ఆయన కళ్ళ ముందుకు వచ్చేది ఆ సన్నపట్టాల ఇంజనే.

అందుకే ఒకనాటి రాత్రి ఫోనులో మీటర్‌గేజ్ ఆవిరి ఇంజను ఇత్తడి నమూనా వేలానికి కనిపించేసరికి నా ప్రాణం లేచి వచ్చింది. అసలు ఇంజనును 87వ వంతుకు కుదించి చేశారు. పట్టాల మధ్య ఎడం 12 మిల్లీమీటర్లు. మీటరును 87తో భాగిస్తే వచ్చేదీ ఇంచుమించు అంతే. పొయ్యి తలుపు, ఈల, చక్రాలను కలిపే కడ్డీ, ఏదీ వదలలేదు. నాన్న చేతిలో పెట్టాలనుకున్నాను. ఇంతకు మించి పాడకూడదని ఒక అంకె కాయితం మీద రాసుకుని పాటలోకి దిగాను.

ఫోను వేలంలో మన హద్దు ముందే చెప్పి ఉంచితే చాలు. ఎదుటివాడు పెంచినప్పుడల్లా మన తరఫున యంత్రమే మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోతుంది. చివరి నిమిషం వచ్చేసరికి కాయితం మీది అంకెను దాటేశాను. మళ్ళీ దాటాను. మూడోసారి దాటేటప్పుడు నా కళ్ళలో ఇంజను లేదు, నాన్న లేడు. ఎవడో తెలియని ఒక్క మనిషి ఉన్నాడు, వాడు గెలవకూడదు. ఆఖరి క్షణాల్లో వాడే గెలిచాడు. తెల్లవారాక కాయితం చూసుకుంటే, నేను రాసుకున్న అంకెకు మూడు రెట్లకు పైగా పాడి ఉన్నాను.

దీనికి తెలుగువాళ్ళు ఏనాడో పేరు పెట్టారు: వేలంవెర్రి. లోకమంతా ఒకదాని వెంట పడితే మనం వాడే మాటలోనే వేలం ఉంది. హిందీలో నీలామ్ అనే మాట పోర్చుగీసు లైలావ్ నుంచి వచ్చింది. మన వేలం కూడా ఆ కుదురులోదేనంటారు. మాట ఓడ దిగి వచ్చింది గానీ, దాని పక్కన వెర్రిని చేర్చింది మాత్రం మనవాళ్ళు. పాటలో నిలబడి చూసినవాళ్ళే చేర్చి ఉంటారు.

అయితే వేలమంతా వెర్రి కాదు. బందరు పక్కన గిలకలదిండి రేవులో పడవలు ఒడ్డుకు చేరిన వేళ వెళ్ళి చూడండి. గంపలు దిగుతాయి, వంజరం, చందువా, రొయ్య కుప్పలుగా పడతాయి, చుట్టూ మనుషులు మూగుతారు, పాట మొదలవుతుంది. అక్కడా పోటీ ఉంది, పంతం ఉంది. కానీ ఆ ధర నెత్తిన ఒక కాపలాదారు ఉంటాడు: ఎండ. ఐసు కరుగుతూ ఉంటుంది. కొన్న చేపను సాయంత్రంలోగా ఎవరో వండుకోవాలి. తినేవాడు ఇవ్వగలిగినదాన్ని దాటి పాడినవాడు మర్నాడు రేవుకు రాలేడు. కుళ్ళిపోయే సరుకుకు ధర ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తుంది. ఇత్తడి ఇంజను కుళ్ళదు. దాన్ని ఎవరూ వండుకోరు. దాని ధరను ఆపే ఎండ లేదు.

పైగా ధర పెరగడానికి ఊరంతా కావాల్సిన పని లేదు. ఇద్దరు చాలు. 1971లో కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు ఇంజనీర్లు సముద్రంలో చమురు గుత్తల వేలాలను పరిశీలించి ఒక సంగతి రాశారు. అందరూ విలువను తలా ఒక రకంగా అంచనా వేస్తారు. గెలిచేవాడు అందరికంటే ఎక్కువగా అంచనా వేసినవాడు. అంటే ఎక్కువ తప్పు చేసినవాడే గెలిచే అవకాశం ఉందన్నమాట. దానికి గెలిచినవాడి శాపం అని పేరు వచ్చింది. ఆ రాత్రి నాకు ఆ శాపం తగలకుండా కాపాడినవాడు నేను పగవాడనుకున్న మనిషే.

వేలానికి పెట్టిన ఇంజను బొమ్మ ఫోనులో నాన్నకు చూపించాను. చాలాసేపు చూశాడు. ముఖం వెలిగింది. తరవాత ఒకే మాట అడిగాడు: "ఇది నడుస్తుందా?"

నడపరు. నడపనందుకే దానికి ఆ ధర. ఈ వేలాల బజారులో నాకు కష్టం కలిగించింది ఇదే. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మెకానోకు పేటెంటు తీసుకున్నాడు, 1920లో రైళ్ళు చేయడం మొదలుపెట్టాడు. పిల్లలు నేల మీద బోర్లా పడుకుని నడుపుకోవడానికి చేసిన బళ్ళు అవి. ఈ రోజు వేలంలో ఎక్కువ పలికేది ఏ పిల్లా ముట్టనిది, పెట్టె అంచు నలగనిది, రంగు గీసుకుపోనిది. పనిముట్లదీ అదే దారి. స్టాన్లీ కంపెనీ చేసిన ఒకటో నంబరు చిత్రిక అయిదున్నర అంగుళాల పొడవు. వడ్రంగి చేతికి సరిగ్గా అందనంత చిన్నది. అరుదైనది కాబట్టి పెద్ద చిత్రికలు కలలో కూడా చూడని ధర దానిది. పిడి మార్చారని తెలిస్తే ఆ ధర దిగిపోతుంది. పాత పిడి ఉంటేనే గౌరవం.

పిడి అనగానే నాకు దివిసీమ గుర్తొస్తుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10,000 మంది. నాగాయలంక వైపు మా బంధువుల ఊళ్ళో ఒక వడ్రంగి తాత ఉండేవాడు. నీళ్ళు తీశాక ఇల్లు ఉన్న చోట బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో వెతికాడట. బంగారం కోసమనుకున్నారు చూసినవాళ్ళు. కొయ్యంతా కొట్టుకుపోయింది, ఇనుము మాత్రం ఉన్నచోటే మునిగి ఉంది. నాలుగు ఉలులు, బాడిస రేకు దొరికాయి. తుప్పు రాకముందే కడిగి నూనె రాశాడు. పడిపోయిన తుమ్మ కొమ్మ నరికి పిడి వేశాడు. మర్నాటి నుంచి ఇళ్ళు నిలబెట్టడం మొదలుపెట్టాడు. ఆ బాడిసకు ఆ తరవాత ఎన్ని పిడులు మారాయో. ఏ వేలంలోనూ దానికి ధర రాదు. కానీ పనిముట్టు విలువ ఎంతని ఎవరైనా నన్ను అడిగితే, అన్నీ పోయిన మర్నాడు మనిషి బురదలో వెతుక్కునేంత అని చెబుతాను.

మన ప్రాంతం నుంచి వేలాలకు ఎక్కుతున్నవి అద్దకం అచ్చులు. ఇలాంటివి అమ్మే చోట వెతికితే భారతదేశపు పాత చెక్క అచ్చు అంటూ వరసగా కనిపిస్తాయి. గోడకు తగిలించుకోవచ్చు, బల్ల మీద కాయితాల బరువుగా పెట్టుకోవచ్చు అని కింద రాసి ఉంటుంది. బందరు నుంచి పది కిలోమీటర్ల దూరంలో పెడనలో ఆ అచ్చుతో ఎలా పనిచేస్తారో చూసినవాడికి ఆ మాటలు చదవడం కష్టం. టేకు పలక మీద ఉలితో వెంట్రుకవాసి గీతలు తీస్తారు. గుడ్డను ముందు పేడనీళ్ళలో నానవేసి ఉతికి ఆరవేస్తారు, కరక్కాయ కలిపిన నీళ్ళలో ముంచుతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరవేస్తే వచ్చే రసం కరక్కాయ తాగిన గుడ్డ మీద పడగానే నల్లగా తేలుతుంది. ఎరుపు అచ్చుతో వేసేది పటిక. అప్పటికి గుడ్డ మీద ఎరుపు కనపడదు. కాలవ నీళ్ళలో జాడించి, వేళ్ళూ చెక్కలూ వేసి కాచాక, పటిక అంటిన చోటే ఎరుపు పూస్తుంది. ఒక పువ్వు పూయాలంటే నలుపు అచ్చు ఒకటి, ఎరుపుది ఒకటి, మిగతా రంగులకు మరొకటి ఉండాలి. అవన్నీ ఒక్క కాపురం.

వేలంలో ఆ కాపురం విడిపోతుంది. అరిగిన అచ్చులు మూటగా చేతులు మారతాయి, తరవాత ఒక్కొక్కటిగా పాటకు వస్తాయి. నలుపు ఒక దేశానికి, ఎరుపు ఇంకో దేశానికి. రెండింటికీ పెద్ద ధరే రావచ్చు. ఆ పువ్వు మాత్రం ఇంకెన్నడూ పూయదు.

బందరు గుడ్డకు ఈ వెర్రి కొత్త కాదు. 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ వర్తకశాల పెట్టారు. మన తీరపు చీటిగుడ్డల మీద మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్ళు ఆగమైపోతున్నారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది; ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా చట్టాలు చేసింది. అయితే ఆనాటి మోజు కట్టుకోవడానికి, పరుపుల మీద పరుచుకోవడానికి. అది ఈ ఒడ్డున మగ్గాలకూ రంగు కాగులకూ పని ఇచ్చింది. ఈనాటి వేలం డబ్బు అచ్చు చెక్కిన చేతిదాకా రాదు.

సేకరించి దాచుకునేవాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళు కొనకపోతే ఎన్నో అచ్చులు పొయ్యిలోకి పోయేవి. వాళ్ళను నేను వేడుకునేది ఒక్కటే: కొంటే జతగా కొనండి, జతగానే అమ్మండి. పాత అచ్చుకు పెట్టే డబ్బులో కొంత కొత్త అచ్చు చెక్కించడానికి పెట్టండి. ఇంజను కొంటే పట్టాలు కూడా కొని, దాన్ని ఒక పిల్లవాడి ముందు నడపండి.

మొన్న పెడన వెళ్ళినప్పుడు అద్దకం పనిలో తల నెరిసిన ఒకాయనకు ఫోనులో ఒక అచ్చు చూపించాను. ఎంత పలుకుతోందో చెబుదామనే చూపించాను. ఆయన ధర అడగలేదు. చెయ్యి గుడ్డకు తుడుచుకుని, ఫోను దగ్గరకు తీసుకుని, గీతల మధ్య ఖాళీలను వేలితో వెతికాడు.

"ఇది ఎరుపు అచ్చండీ," అన్నాడు. "దీని నలుపు ఎవరి దగ్గరుంది?"