ఆ చుక్క కారనివ్వండి

చలి మొదలైతే గుమ్మడిదలలో నాకు చేతినిండా పని. బొంతపల్లి, దోమడుగు, అన్నారం దాకా కిరాయి గదులే. మందుల కంపెనీల్లో రాత్రి డ్యూటీ దిగొచ్చే పిల్లలకు పొద్దున్నే వేడినీళ్లు కావాలి. ఒకప్పుడు బకెట్లో రాడ్డు వేసుకునేవాళ్లు. ఇప్పుడు ఓనర్లు గీజర్లు పెట్టిస్తున్నారు. నాకు సంతోషమే, రాడ్డు ఆపకుండా నీళ్లలో చెయ్యి పెట్టి షాక్ తిన్నవాళ్లను చూశాను.

బిగించిన కొన్నాళ్లకు మాత్రం ప్రతి ఇంటి నుంచీ ఒకే ఫోను.

"తమ్మీ, కొత్త గీజరే కారుతున్నది. గా సందుల ఎంసీల్ పెట్టి మూసెయ్."

"వద్దు కాకా, అది కారాల్సిందే. మూస్తే పానం మీదికొస్తది."

25 లీటర్ల గీజరులో నీళ్లు 25 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు కాగితే అర లీటరుకు పైగా పెరుగుతాయి. ఆ పెరిగినవి ఎటో ఒకవైపు పోవాలి. పాత ఇళ్లలో మిద్దె మీది ట్యాంకు నుంచి పైపు నేరుగా గీజరులోకి దిగేది, పెరిగిన నీళ్లు అదే దారిన పైకి పోయేవి. ఇప్పుడు చల్లనీళ్లు వచ్చేచోట సేఫ్టీ వాల్వు వేస్తున్నాం. అది నీళ్లను వెనక్కి పోనివ్వదు. ట్యాంకు ఎండిపోయినా గీజరు నిండుగా ఉండి కాయిలు కాలిపోకుండా ఉండాలంటే అట్లాగే ఉండాలి. కానీ వెనక దారి మూసుకున్నాక పెరిగిన నీళ్లకు మిగిలింది ఆ వాల్వు పక్కనున్న సన్నటి రంధ్రం ఒక్కటే.

వాల్వు మీద చాలావరకు 8 బార్ అని రాసి ఉంటుంది. 80 మీటర్ల ఎత్తున ట్యాంకు పెడితే వచ్చే ఒత్తిడి అది. ఒంటి డాబా మీది ట్యాంకు నుంచి వచ్చేది అర బార్ కూడా ఉండదు. రంధ్రం మూసేశాక ఏదో ఒకరోజు థర్మోస్టాట్ అతుక్కుపోయి, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌట్ కూడా పనిచేయలేదనుకోండి. ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. గీజరు ట్యాంకు పగిలిన క్షణంలోనే వాటిలో కొంత భాగం ఆవిరవుతుంది. ఆవిరికి నీళ్లకంటే దాదాపు 1,700 రెట్ల జాగా కావాలి. చిన్న బాత్రూం గోడలు దానికి నిలవవు.

అందుకే ఎవరెంత బతిమాలినా గీజరుకూ సేఫ్టీ వాల్వుకూ మధ్య కాక్ పెట్టను. రిపేరు కోసం గేట్‌వాల్వు కావాలంటే అంతకుముందే, ట్యాంకు వైపు వేస్తాను. రంధ్రానికి సన్న పైపు తొడిగి, వాలుగా నేల జాలీ దాకా దించి, కొస తెరిచే ఉంచుతాను. అప్పుడు గోడ తడవదు, ఓనరుకూ కోపం రాదు. వేడినీళ్ల లైనుకు మామూలు పీవీసీ తెచ్చిచ్చి పైసలు మిగిలాయనుకునేవాళ్లు ఉన్నారు. వేడికి అది మెత్తబడి జాయింటు దగ్గర ఊడిపోతుంది. సీపీవీసీనే వాడతాను. దాన్నీ గీజరు నిపుల్‌కు నేరుగా బిగించను, మధ్యలో స్టీలు అల్లిక పైపు ఉండాలి.

కరెంటు పని ఎలక్ట్రీషియన్‌ది. అయినా 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ లేకుండా స్విచ్చు వేయనివ్వను. 3,000 వాట్ల చిన్న గీజరు కూడా 13 ఆంపియర్లు లాగుతుంది, ఎక్స్‌టెన్షన్ బాక్సులు దాన్ని ఎక్కడ మోస్తాయి? స్విచ్చు వేసే ముందు వేడినీళ్ల నల్లా తిప్పి, గాలంతా పోయి ధార ఆగకుండా పడేదాకా నిలబడతాను.

ఇక్కడ చాలా ఇళ్లలో స్నానాలకు బోరు నీళ్లే. వాటిలోని సున్నం పేరుకుని వాల్వు లోపలి స్ప్రింగు బిగుసుకుపోతుంది. అప్పుడు ఎవరూ మూయకపోయినా మూసినట్టే. మీట ఉన్న వాల్వునైతే రెండు మూడు నెలలకోసారి స్విచ్చు ఆపి, నీళ్లు చల్లారాక ఎత్తి చూడాలి. నీళ్లు చిమ్మకపోతే ఆ వాల్వు మార్చేదాకా గీజరు వాడొద్దు. ఓనరుకు చెప్తే సరిపోదు, గదిలో ఉండేవాళ్లకూ తెలియాలి, వాళ్లేమో మారిపోతుంటారు. అందుకని గీజరు కింద టైల్ మీద మార్కర్‌తో తెలుగులో, హిందీలో రాసిపెడుతున్నాను: ఇక్కడ నీళ్లు కారతాయి, మూయకండి.