ఉత్తరములమీది ధూమశకటములు

తపాలాబిళ్లలను కూర్చుకొనువారు మనలో పెక్కుమంది కలరు. బిళ్ల అచ్చుపడియే వచ్చు కార్డులను, కవరులను సేకరించువారు అరుదు. అందును పొగబండి బొమ్మ గలవానిని వెదకువారు మఱియు నరుదు. మేమును మా వారును కొన్ని యేండ్లుగా నీ వ్యాసంగమున నున్నారము.

ఇట్టివానిలో మాకు మిక్కిలి ప్రియమైనది అమెరికాదేశపు కవరు. ఆ దేశము స్వాతంత్ర్యము ప్రకటించి నూఱేండ్లు నిండిన 1876లో, ఫిలడెల్ఫియా మహాప్రదర్శన సందర్భమున 3 సెంట్ల బిళ్లతో దానిని వెలువరించిరి. బిళ్లలో మీద గుఱ్ఱపురౌతు తపాలా కొనిపోవుచుండును. క్రింద రైలుబండి పోవుచుండును. నూఱేండ్ల మార్పు రెండు బొమ్మలలో నిమిడినది. మేము దానిని పుస్తకమందలి చిత్రమున మాత్రమే చూచితిమి. ఆ కాలపు సేకర్తలు పెక్కుమంది యిట్టి కవరులనుండి బిళ్లను మాత్రము కత్తిరించుకొని తక్కినది పాఱవైచెడివారు. చిరునామాయు, ఊరి ముద్రయు, తేదియు దానితోడనే పోయెడివి.

మన దేశమున మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందరునుండి ఠాణాకు నడచినది. నూఱేండ్లకు, 1953లో, పాత యింజనును క్రొత్త యింజనును చూపు 2 అణాల బిళ్ల వచ్చెను. ఇది అంటించు బిళ్లయే యైనను, ఇది గల కవరొకటి మా మామగారి తల్లిగారి పెట్టెలో దొరకినప్పుడు మా కానంద మింతంత కాదు.

మా వారు ఉపాధ్యాయులు. బిళ్లను నీట నానబెట్టి తీసి, బడిపిల్లల పుస్తకమున నంటింత మనిరి. "పిల్లలకు గావలసినది బొమ్మయే గదా!" యని వారి వాదము. "బొమ్మ వేఱొకచోట దొరకును. ఈ కవరు మరల దొరకునా?" యని మేమంటిమి. అంతలో మామగారు లోని జాబు విప్పిరి. నాలుగు మూలలను పసుపు మరకలు. అది తమ జననవార్తను తాతగారు వియ్యాలవారికి వ్రాసిన శుభలేఖ! వారు దానిని చదువుచు చాలసేపు మాటాడలేదు.

మఱునాడు మా వారు కవరును యథాతథముగా బడికి గొనిపోయిరి. ముందటి ముద్రను, వెనుకటి ముద్రను చదివి, జాబు మూడు దినములలో చేరినదని పిల్లలే లెక్కగట్టిరట.

సోదరీమణులారా! పాత జాబులను తీగకు గ్రుచ్చకుడు, జిగురు పూయకుడు. కాగితపు సంచిలో నుంచి, తేమ తగులనిచోట భద్రపఱుపుడు. పిల్లలు బిళ్ల నడిగినచో, కత్తెర యీయక కవరుతోడనే చూపుడు.