కొండవీడుకి వానల్లోనే వెళ్ళాలి

ఈ ఆషాఢంలో ఒక పూట ఎక్కడికైనా పోదామా అని గుంటూరు చుట్టుపక్కల ఎవర్నడిగినా కోటప్పకొండ అంటారు, లేదంటే సూర్యలంక అంటారు. కొండవీడు అని చూడండి, "వానల్లో కోటేంటండీ, జారిపడతాం, సంక్రాంతికి చూద్దాం" అనేస్తారు. నేనైతే ఈ మాట ఒప్పుకోను. కొండవీటి కోటని వానాకాలంలోనే చూడాలి. ఎందుకో చెబుతాను, టీ కప్పు పట్టుకుని ఇలా కూర్చోండి.

మొన్న తొలి ఏకాదశి వెళ్ళిన ఆదివారం మా బృందం బయల్దేరింది. తెలుగు పాఠాలు చెప్పే మేష్టారు, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా ఉన్న మా మిత్రుడు, ఆయన భార్య (మాకందరికీ వదిన), హైదరాబాదు నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన తమ్ముడొకడు, నేను. తెల్లారకముందే గుంటూరు వదిలేసరికి సన్నటి తుంపర. ఫిరంగిపురంలో దిగి టీ తాగుతుంటే మేష్టారు మొదలుపెట్టారు. అక్కడ 1409 నాటి శాసనం ఒకటుంది. కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబిక సంతానసాగరమనే చెరువు తవ్వించిన సంగతి అందులో ఉంది. ఆ శాసనం రాసింది ఎవరనుకున్నారు? విద్యాధికారి శ్రీనాథుడు. పక్కనే అమీనాబాదులో 1415 నాటి ఇంకో శాసనం. ఆ రాజు కొడుకు రాచవేముడు ఆ చెరువులోకి నీళ్ళు పారేలా జగనొబ్బగండ కాలువ తవ్వించాడని చెప్పేది అదే.

చూశారా, శ్రీనాథుడంటే మనకి శృంగారనైషధం, పల్నాటి జొన్నన్నం మీద చాటువులూ గుర్తొస్తాయి. ఆ మహాకవి చేత చెరువు శాసనం రాయించుకున్న రాజ్యమది. అంత పెద్ద కవికి అది చిన్న పనని ఆ రోజుల్లో ఎవరూ అనుకున్నట్టు లేదు. నాకు ఈ సంగతి ఎంతో ఇష్టం. ఇంజనీరుగారికైతే ఆ మాట విన్నాక నడకే మారిపోయింది.

కొండవీడు ఊరు చేరి, గోపీనాథస్వామి గుడి చూసుకుని ఎక్కడం మొదలెట్టాం. పైదాకా ఘాట్ రోడ్డు వేశారు, కార్లో వెళ్ళొచ్చు. పెద్దవాళ్ళుంటే అలాగే వెళ్ళండి, తప్పేం లేదు. కాళ్ళలో సత్తువున్నవాళ్ళు మాత్రం నడిచే ఎక్కండి. దారి పక్కన సీతాఫలం చెట్లు చిగుళ్ళు తొడిగి, చిన్న చిన్న పిందెలతో ఉన్నాయి. మెత్తబడ్డ ఎర్రమట్టి మీద ఎక్కడో ఒక ఆరుద్ర పురుగు కనబడింది. దాన్ని చూడ్డానికి హైదరాబాదు తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. "చిన్నప్పుడు చూశానన్నా, మళ్ళీ ఇదే" అన్నాడు. వాడు లేచేదాకా అందరం ఆగాం. అలా ఆగడానికే కదండీ వెళ్ళేది!

ఎక్కేటప్పుడు ఇంజనీరుగారు కోటగోడ కేసి చూళ్ళేదు, కాళ్ళకింద పారే నీళ్ళనే చూస్తూ నడిచారు. రాతి మీద పడ్డ వాన ఏ వాలు పట్టుకుని ఎటు పోతోంది, ఎక్కడ చీలుతోంది, ఎక్కడ కలుస్తోంది. "ఇవి ఎటు పోతున్నాయో దారి పట్టుకుని పోదాం రండి" అని ముందు నడిచారు. పోతే ఏముంది, చెరువు గట్టు మీద తేలాం.

కొండ మీద మూడు చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. ఒకదానికొకటి లంకె ఉంది, ఒకటి నిండితే మిగులు నీళ్ళు వృథా పోకుండా ఇంకోదాన్ని చేరతాయి. ఎండాకాలంలో వచ్చినవాళ్ళకి అక్కడ కనబడేది పగిలిన గట్టు, పాచిపట్టిన మడుగు. పడిపోయిన మండపాలు చూసి, నాలుగు ఫొటోలు తీసుకుని "ఇంతేనా" అంటూ దిగిపోతారు. వానల్లో చూడండి, నీళ్ళన్నీ చెరువు కేసి పరిగెడుతుంటే కోట బతికి పనిచేస్తున్నట్టే ఉంటుంది. వంటింటి లోపలికి వెళ్తేగానీ ఇల్లు ఎలా నడుస్తోందో తెలియనట్టే, ఈ చెరువులు నిండుతుంటే చూస్తేగానీ రెడ్డి రాజ్యం ఈ కొండ మీద ఎలా నిలబడిందో తెలియదు. కొండ మీద కోటకి ఏరు లేదు, వాగు లేదు. సైనికులు, గుర్రాలు, వంటవాళ్ళు, దేవుడి అభిషేకం, అందరికీ ఆకాశమే దిక్కు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా పట్టిందే ఏడాదంతా తాగాలి. ఏదైనా మరీ పొడుగ్గా సాగితే "కొండవీటి చాంతాడు" అంటాం కదా, బావిలో నీళ్ళు ఎంత లోతుకి పోయేవో ఆ మాటే చెబుతోంది.

ఇక్కడే మేష్టారు అసలు సంగతి బయటపెట్టారు. రెడ్డి రాజ్యం పోయాక గజపతుల చేతిలోకి వెళ్ళిన ఈ కోటని కృష్ణదేవరాయలు గెలిచింది 1515 జూన్ 23న. మంగళగిరి శాసనంలో తిథీ వారంతో సహా ఉంది: యువ నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ ఏకాదశి, శనివారం. అంటే సరిగ్గా తొలి ఏకాదశి! వదిన డబ్బా మూత తీసి పండగ పేలపిండి పంచుతున్న క్షణాన ఈ మాట చెప్పారాయన. చేతిలో పేలపిండితో మేమంతా ఒక్కసారి ఆ గోడల కేసి తిరిగాం.

ముట్టడి నడిచింది ఎండల్లో. అంతకుముందు ఉదయగిరి లొంగడానికి ఏడాదిన్నర దాకా పట్టింది. తర్వాత అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ వరసగా పోయాయి. కొండవీడు మాత్రం వానలు మొదలయ్యేసరికే చేతులు మారింది. చెరువుల్లో నీళ్ళు అడుగంటే రోజులవి. లోపలున్న ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు, గోడకి అవతల రాయల మంత్రి తిమ్మరుసు, ఇద్దరూ మబ్బు కేసి చూసి ఉంటారని నేనంటాను. ఇద్దరి కోరికలూ వేరు. "ఒక్క నెల ముందు వానపడుంటేనో?" అన్నాడు తమ్ముడు. "గోడలెక్కి పట్టుకునే సైన్యానికి వాన అడ్డమా?" అన్నారు మేష్టారు. "తడిసిన రాతి మీద నిచ్చెన వేసి చూడండి, తెలుస్తుంది" అన్నారు ఇంజనీరుగారు. పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు అయిపోయాయి గానీ ఆ వాదన తెగలేదు. నా ఓటు ఇంజనీరుగారికే.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. శ్రీనాథుడు ముసలితనంలో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకి తీసుకున్నాడని, వరదొచ్చి పంట కొట్టుకుపోయిందని, శిస్తు కట్టలేక వీధుల్లో శిక్ష అనుభవించాడని చాటుపద్యాలు చెబుతాయి. చెరువు శాసనం రాసిన చెయ్యి అది. మేష్టారు ఆ కథ చెబుతున్నప్పుడు ఆయన గొంతు పట్టేసింది, మేమూ ఎవరం మాట్లాడలేదు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. మధ్యాహ్నం మూడింటికల్లా దిగిపోండి. మన వైపు ఉరుములూ పిడుగులూ ఎక్కువగా మధ్యాహ్నం తిరిగాకే వస్తాయి, బోడికొండ మీద మనిషే ఎత్తయిన వస్తువు. మబ్బు నల్లబడితే చెట్టు కిందికి పరిగెత్తకండి. పాచిపట్టిన మెట్టు మీద అరిగిపోయిన చెప్పులు ప్రాణాంతకం, గట్టి పట్టున్న బూట్లు వేసుకోండి. చెరువులో దిగొద్దు, అడుగున రాళ్ళు ఎలా ఉన్నాయో పైకి తెలియదు. ఇంకో మాట చేతులు జోడించి అడుగుతున్నాను. ప్లాస్టిక్ సీసాలు, బిర్యానీ పొట్లాలు తీసుకెళ్ళిన సంచీలోనే వెనక్కి తెచ్చేయండి. వాన ఏ వాలులో నీళ్ళని చెరువుకి తెస్తుందో, ఆ చెత్తనీ అక్కడికే తెస్తుంది. రాతి మీద పేర్లు చెక్కేవాళ్ళు కనబడితే మందలించండి. వదిన అలా చెక్కబోతున్న ఇద్దరు కుర్రాళ్ళని కూర్చోబెట్టి పేలపిండి పెట్టి మరీ చెప్పింది, వాళ్ళు మేకు జేబులో పెట్టేసుకున్నారు.

వచ్చే నెల బెల్లంకొండ అనుకున్నాం. ఉదయగిరి పెట్టుకుందామని తమ్ముడి పట్టు. కానీ దానికి ఒక్క పూట చాలదు, రాత్రి నెల్లూరు వైపు ఎక్కడైనా బస చూసుకోవాలి, మేష్టారికి సెలవు దొరకాలి. మీ ఊరి దగ్గర కొండ మీద కోటుంటే ఈ వానల్లో ఒకసారి ఎక్కిరండి. పైన చెరువుందా, దానికి పేరేమిటి, ఇప్పుడు గట్టుకి ఎన్ని మెట్లు దిగువన నీళ్ళున్నాయో చూసి నాకు రాయండి.